దత్తత ఊళ్ళలో కాలేజీ చేసిన పనికి ఫలితం లెక్కగట్టడం ఎలా?

మేడమ్, మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్ళకు పనికొస్తుంది. అనంతపురం దగ్గర డిగ్రీ కాలేజీ. రెండేళ్ళుగా మూడు ఊళ్ళను దత్తత తీసుకుని మూడు పనులు చేస్తున్నారు: 3, 4, 5 తరగతుల పిల్లలకు సాయంత్రం చదువు, తాగునీటి మీద అవగాహన, అంగన్‌వాడీతో కలిసి తల్లుల పోషణ. న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ) కోసం ఫలితాల నివేదిక కావాలని ప్రిన్సిపాల్ గారు అడిగారు. మీ దగ్గర ఉన్నవి ఫోటోలు, హాజరు పట్టీలు, పేపరు కటింగులు. మొదట్లో సర్వే చేయలేదు. ఇప్పుడు ఏం చేయాలి?

ఫోటోలు, హాజరు పట్టీలు, ఇన్ని కార్యక్రమాలు చేశాం, ఇంతమంది విద్యార్థులు వచ్చారు అనే పట్టిక, ఇవన్నీ మీరు ఏం చేశారో చెబుతాయి. ఊళ్ళో ఏం మారిందో చెప్పవు. వాటిని పారేయక్కర్లేదు, నివేదిక చివర అనుబంధంలో పెట్టండి. అసలు భాగం వేరే ఉంది. మన సీమ ఊళ్ళలో ఏ మార్పు వెనకైనా మూడు శక్తులు ఉంటాయి: వాన, సర్కారు పథకం, వలస. మూడూ మన కాలేజీల కంటే బలమైనవే. వాటి వల్ల వచ్చిన మార్పును తీసేశాక ఏమైనా మిగిలితే అది మీ ఫలితం. ఏమీ మిగలకపోతే అదీ రాయాల్సిందే.

వాన సంగతి మీకు చెప్పక్కర్లేదు. అనంతపురంలో ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చిల్లర, అది కూడా ఏటా నమ్మకంగా పడదు. చెనక్కాయ పండిన ఏడాది ఇంట్లో పప్పు, గుడ్డు, పాలు కనబడతాయి. ఎండిన ఏడాది కనబడవు. రెండేళ్ళలో తల్లుల తిండి మెరుగుపడిందని మీరు రాస్తే, అది మీ పోషణ తరగతుల వల్లనా, జూలైలో పడిన వాన వల్లనా అని ఎవరైనా అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉండాలి.

పథకాలూ అంతే. 2019 ఆగస్టులో జల్ జీవన్ మిషన్ ప్రకటించాక ఇంటింటి కొళాయి పనులు మొదలయ్యాయి. అదే ఏడాది నవంబరులో మన బడి నాడు-నేడు కింద బడుల మరమ్మతులు వచ్చాయి. 2022లో జీవో 117 తర్వాత చాలాచోట్ల 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూలుకు మార్చారు, ఆ తర్వాత ఆ ఏర్పాటు మళ్ళీ మారింది. అంటే మీరు చదువు చెప్పిన పిల్లలు మధ్యలో బడే మారి ఉండవచ్చు. అంగన్‌వాడీ సరుకుల పేర్లు, పరిమాణాలు కూడా మారుతూ వచ్చాయి. ఒక్కో ఊరికి ఒక కాలరేఖ గీయండి: ఏ నెలలో ఏ పథకం, ఏ మార్పు వచ్చిందో ఒక వరస, మీరు ఏ నెలలో ఏం చేశారో దాని కింద ఇంకో వరస. అరపూట పని. ఫలితాల పట్టికను చదివేటప్పుడు ఈ కాగితం పక్కనే ఉండాలి.

వలసే అన్నిటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని, ఆలూరు వైపు, ఖరీఫ్ అయిపోగానే సుగ్గి బాట, అంటే కూలి పనుల కోసం వలస, మొదలవుతుంది. గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు కట్టడాల పనులకు పోతారు. చాలామంది పిల్లల్ని వెంట తీసుకుపోతారు. దీనివల్ల లెక్క ఎలా తప్పుతుందో చూడండి. బళ్ళో 30 మంది పిల్లలు. జూలైలో పరీక్షిస్తే 12 మంది పేరా చదవగలిగారు, అంటే 40 శాతం. ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళేసరికి చదవలేని పిల్లల్లో ఆరుగురు వలస పోయారు. మిగిలిన 24 మందిలో అదే 12 మంది చదివారు. 50 శాతం! ఒక్క పిల్లవాడికి ఒక్క అక్షరం కొత్తగా రాలేదు, నివేదికలో మాత్రం పది పాయింట్ల పెరుగుదల. అందుకే మొదటిసారి చూసిన పిల్లల్నే పేరుపేరునా రెండోసారి చూడాలి. దొరకనివాళ్ళ సంఖ్యను, మొదటిసారి వాళ్ళు ఏ స్థాయిలో ఉన్నారో విడిగా చూపించాలి. ఇళ్ళ సర్వేకీ ఇదే నియమం. ఈ వివరం లేని నివేదికను నేనైతే నమ్మను.

ఈ మూడు శక్తుల్నీ తీసేయడానికి మన చేతిలో ఉన్న తేలికైన సాధనం పోలిక ఊరు. మీరు పనిచేయని ఊళ్ళను మూడింటిని ఎంచుకుని, అక్కడా అదే నెలలో అవే ప్రశ్నలు అడగాలి. ఉదాహరణకి ఇలా అనుకుందాం. మీ ఊళ్ళలో ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళు తాగే ఇళ్ళు 42 శాతం నుంచి 61కి పెరిగాయి. 19 పాయింట్లు. పోలిక ఊళ్ళలో 40 నుంచి 55కి, అంటే 15 పాయింట్లు, ఎవరూ ఏమీ చెప్పకుండానే పెరిగింది. మీకు దక్కేది 4. ఆ 4 కూడా సర్వే పొరపాటు పరిధిలోనే ఉండవచ్చు. చాలా కాలేజీలు ఇక్కడే 19 అని రాసి వదిలేస్తాయి.

పోలిక ఊరిని ఎంచుకోవడంలో జాగ్రత్త. ఒకే మండలం, ఇళ్ళ సంఖ్య దాదాపు సమానం, మెయిన్ రోడ్డుకు దూరం సమానం, బడి ఒకే రకం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం నీటి ఆధారం. హంద్రీ-నీవా కాలువ నీళ్ళతో చెరువు నిండే ఊరిని, వాన మీదే బతికే ఊరితో పోల్చకూడదు. ఒకదాంట్లో బోర్లు లేస్తాయి, రెండో పంట వస్తుంది, వలస తగ్గుతుంది, బడి హాజరు పెరుగుతుంది. కడప వైపు వాళ్ళయితే కేసీ కాలువ కింద ఉన్న ఊరికీ లేని ఊరికీ ఇదే తేడా. పెద్ద స్వచ్ఛంద సంస్థ ఏళ్ళ తరబడి పనిచేసిన ఊరు పోలికకు పనికిరాదు. మీ ఊరికి ఆనుకుని ఉన్నదీ వద్దు, పిల్లలు, మాటలు అటూ ఇటూ దాటుతాయి. నాలుగైదు కిలోమీటర్లు ఎడం ఉంటే చాలు. పోలిక ఊరి జనానికి ఏం దక్కుతుందని అడిగితే, వచ్చే ఏడాది కార్యక్రమం అక్కడికే వస్తుందని చెప్పగలగాలి. చెప్పి రాకపోతే ఆ ఊళ్ళో రెండోసారి గడప తొక్కనివ్వరు.

జిల్లా సగటుతో పోల్చేసి పని కానివ్వొచ్చు కదా అని మీ కామర్స్ వాళ్ళు సలహా ఇచ్చారని రాశారు. కుదరదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత అనంతపురంలోంచి శ్రీ సత్యసాయి, కర్నూలులోంచి నంద్యాల, కడప, చిత్తూరు భాగాలతో అన్నమయ్య జిల్లా వచ్చాయి. 2011 జనాభా లెక్కలు, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పాత జిల్లాలవి. ఆ అంకెను కొత్త జిల్లా పేరుతో వాడితే హిందూపురం, ధర్మవరం, కదిరి కూడా అందులో కలిసి ఉంటాయి. మండలం అంకె దొరికితే వాడండి, దొరకకపోతే పోలిక ఊరే దిక్కు.

ఇక మీ అసలు చిక్కు, మొదటి సర్వే లేకపోవడం. పూర్తిగా చేతులెత్తేయక్కర్లేదు, మూడు దారులున్నాయి.

మొదటిది మీ కాలేజీ బీరువాలోనే ఉంది. ఉన్నత విద్యామండలి నిబంధన ప్రకారం డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేయాలి. అందులో తొలి మెట్టు ఊరి సామాజిక, ఆర్థిక సర్వే. మీ దత్తత ఊళ్ళలో విద్యార్థులు చేసిన పాత ప్రాజెక్ట్ రిపోర్టులు, లాగ్ బుక్కులు వెతకండి. నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు, మరుగుదొడ్డి ఉందా, పిల్లలు బడికి పోతున్నారా అనే ప్రశ్నలు చాలావాటిలో ఉంటాయి. అయితే అన్నీ నమ్మదగ్గవి కావు. ఒకరిని చూసి ఒకరు రాసినవి, జిరాక్స్ షాపులో కొన్నవి కూడా కలిసి ఉంటాయి. పట్టుకోవడం తేలికే: వయసులన్నీ 25, 30, 35, 40లోనే ఉంటే, ఇద్దరు విద్యార్థుల పట్టికలు అక్షరాలా ఒకటైతే, ఏ ఇంట్లోనూ "తెలియదు" అనే జవాబు లేకపోతే, ఆ రిపోర్టు పక్కన పెట్టండి. మిగిలినవాటిలో పదింట ఒక ఇంటికి వెళ్ళి మారని విషయాలు, అంటే కుటుంబంలో ఎంతమంది, పెద్దవాళ్ళ చదువు ఎంత, సరిచూడండి. సరిపోతే అదే మీ మొదటి సర్వే.

రెండోది రికార్డులు. బడి హాజరు రిజిస్టరు, అంగన్‌వాడీలో పిల్లల బరువు రిజిస్టరు, గ్రామీణ నీటి సరఫరా విభాగం నీటి పరీక్షల ఫలితాలు, గ్రామ సచివాలయంలో ఇళ్ళ జాబితా. ఇవి మీరు రాకముందు నుంచీ ఉన్నాయి, పోలిక ఊళ్ళోనూ ఉన్నాయి. రాతపూర్వకంగా అడగండి, ప్రిన్సిపాల్ సంతకంతో.

మూడోది జ్ఞాపకం. ఇది చివరి దారి. "రెండేళ్ళ కిందట మీరు చేతులు కడుక్కునేవారా?" అని అడిగితే వచ్చే జవాబుకు విలువ లేదు. గట్టి సంఘటనల గురించి మాత్రమే అడగండి: క్యాన్ నీళ్ళు కొనడం ఎప్పుడు మొదలుపెట్టారు, కరోనాకు ముందా తర్వాతా, కొళాయి వచ్చాకా రాకముందా? మనిషికి తేదీ గుర్తుండదు, ఏ సంఘటన ముందు ఏది జరిగిందో గుర్తుంటుంది.

చదువు విషయంలో ఇంకో వెసులుబాటు ఉంది. ఈ ఏడాది నాలుగో తరగతిని, వచ్చే ఏడాది ఇదే నెలలో అదే బడి నాలుగో తరగతితో పోల్చవచ్చు. వయసు పెరిగితే పిల్లలు ఎలాగూ కొంత నేర్చుకుంటారనే అభ్యంతరం దీంతో పోతుంది. పరీక్షకు కొత్త ప్రశ్నపత్రం తయారుచేయకండి. పిల్లల చదువు స్థాయిని కొలవడానికి 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వాడుతున్న అసర్ పరికరం తెలుగులో ఉంది: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ; లెక్కల్లో అంకెలు గుర్తించడం, తీసివేత, భాగహారం. ఒక్కో పిల్లవాణ్ణి విడిగా కూర్చోబెట్టి చూడాలి, ఒక్కొక్కరికి పది నిమిషాలు పట్టవచ్చు. మొదటిసారి వాడిన పేరానే రెండోసారి వాడితే బట్టీ పట్టేసి ఉంటారు, వేరే నమూనా తీయండి. చదువు చెప్పిన విద్యార్థే పరీక్ష పెట్టకూడదు. పిల్లవాడు తడబడితే పెదవి కదిపి అందిస్తాడు, పాపం ప్రేమతోనే. మీ కామర్స్ విద్యార్థుల్ని పరీక్షకు పంపండి.

"క్రమం తప్పకుండా వచ్చిన పిల్లలు బాగా చదువుతున్నారు, అంటే మా తరగతి పనిచేసింది" అనే వాక్యం చాలా నివేదికల్లో ఉంటుంది. సాయంత్రం చీకటిపడ్డాక పిల్లల్ని పంపించగలిగే ఇల్లు వేరు, గొర్రెలు తోలుకురావడానికి పంపే ఇల్లు వేరు. ఆ తేడా మీ తరగతికి ముందు నుంచే ఉంది. నమోదైన పిల్లలందరినీ లెక్కలోకి తీసుకోండి, వారానికి ఒక్కరోజు వచ్చినవాణ్ణి కూడా.

నీటి విషయంలో అవగాహన పెరిగిందా అని అడగకండి, పెరిగిందనే అంటారు. ఒక గ్లాసు తాగేనీళ్ళు తెచ్చి చూపించమనండి. ఏ బిందెలోంచి తెచ్చారు, మూత ఉందా, ముంచే గరిటె ఉందా, ఎక్కడ పట్టారు? చూసి రాయండి, అడిగి కాదు. నీటి నాణ్యతకు భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నమూనాను గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ బాటిల్లో పట్టాలి. బోరు అయితే కొంతసేపు నీళ్ళు పోనిచ్చి, అదే నీటితో బాటిల్ రెండుమూడు సార్లు కడిగి నింపాలి. మూత మీద కాదు, బాటిల్ మీద ఊరు, ఆధారం, తేదీ రాయాలి. మూతలు మారిపోతాయి. ఒకసారి మేలో తీసి, రెండోసారి నవంబరులో తీసి "ఫ్లోరైడ్ తగ్గింది" అని రాయకండి. వానల తర్వాత నీటి మట్టం పెరిగితే అంకె మారుతుంది. ఏటా మేలో, నవంబరులో రెండుసార్లు తీసి, మే నెల అంకెను మే నెల అంకెతోనే పోల్చండి.

తల్లుల పోషణకు రక్తహీనత తగ్గిందని చూపించాలని చాలామందికి ఆశ. రక్త పరీక్ష విద్యార్థుల పని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో 60. రాష్ట్రవ్యాప్తంగా అన్ని మాత్రలు పంచినా కదలని అంకె, మీరు మూడు ఊళ్ళలో వారానికోసారి మాట్లాడితే కదులుతుందని ఆశించవద్దు. దానికి బదులు తిండిలో వైవిధ్యం చూడండి. నిన్న ఉదయం నుంచి ఈ ఉదయం వరకు ఏం తిన్నారో ఒక్కోటీ అడిగి, పది ఆహార వర్గాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి: ధాన్యాలూ దుంపలూ, పప్పులు, గింజలు, పాలు, మాంసం చేపలు, గుడ్లు, ఆకుకూరలు, విటమిన్ ఏ ఉండే పండ్లూ కూరగాయలు, ఇతర కూరగాయలు, ఇతర పండ్లు. ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఫర్వాలేదనే కొలత. చెనక్కాయలు గింజల వర్గంలోకి వస్తాయి, పప్పుల్లో వేయకండి. మన దగ్గర ప్రతి ఇంటి పచ్చడిలోనూ అవే కాబట్టి ఇక్కడ పొరపాటు పడితే లెక్కంతా తారుమారు. చిటికెడు వేసిన వస్తువును లెక్కలోకి తీసుకోకూడదు. పీర్ల పండుగ, జాతర, పెళ్ళి మర్నాడు ఈ సర్వేకు వెళ్ళకండి, ఊరంతా మాంసం తిని ఉంటుంది.

ఎన్ని ఇళ్ళు? ఊరి పరిస్థితి తెలుసుకోవడానికే అయితే 300 ఇళ్ళ ఊళ్ళో 73 ఇళ్ళు చాలు, పది పాయింట్లు అటూ ఇటూగా తెలుస్తుంది. మార్పు పట్టుకోవాలంటే అది చాలదు. 40 శాతం 60 అయితే గుర్తించడానికి ఒక్కో వైపు 95 ఇళ్ళు, 40 శాతం 55 అయితే 170 కావాలి. పైగా ఒకే ఊరి ఇళ్ళు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి ఆ సంఖ్యను కనీసం రెట్టింపు చేయాలి. మీ మూడు ఊళ్ళలో తలా 70, పోలిక ఊళ్ళలో తలా 70 తీసుకుంటే ఒక్కో వైపు 210. ఇరవై పాయింట్ల తేడాను అది పట్టుకుంటుంది, చిన్న తేడాను పట్టుకోలేదు. ఆ మాట నివేదికలో ముందే రాయండి. విద్యార్థుల జంట రోజుకు ఏడు ఇళ్ళు చేయగలదనుకుంటే పది జంటలకు 420 ఇళ్ళు ఆరు రోజులు. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రత్యేక శిబిరం ఏడు రోజులే కాబట్టి ఒక్క శిబిరంలో సరిపోతుందని అనిపిస్తుంది. శిబిరంలో కలపకండి. పొద్దున శ్రమదానం చేసి అలిసిపోయిన పిల్లలు మధ్యాహ్నం ఇళ్ళకు వెళ్తే, ఆ వేళ ఇళ్ళలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. పొద్దున ఏడు లోపు, లేదా సాయంత్రం ఆరు తర్వాత వెళ్ళాలి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును ఎన్‌ఎస్‌ఎస్ పనులకు భిన్నంగా ఉంచాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి కూడా. ఒకే పనిని రెండుచోట్ల చూపిస్తే తనిఖీలో దొరుకుతుంది.

ఇళ్ళను ఎంచుకోవడం విద్యార్థులకు వదిలేస్తే బస్టాపు, రచ్చకట్ట, గుడి చుట్టూ ఉన్న ఇళ్ళే వస్తాయి. ఎస్సీ కాలనీ, ఊరి చివర తండా మిగిలిపోతాయి. ఇళ్ళ జాబితా తీసుకుని, 280 ఇళ్ళుంటే ప్రతి నాలుగో ఇల్లు, మొదటిది చీటీ తీసి ఎంచాలి. తాళం వేసి ఉంటే పక్కింటికి పోకుండా మర్నాడు, ఆ మర్నాడు, మూడుసార్లు ప్రయత్నించాలి. కోబోటూల్‌బాక్స్ లాంటి ఉచిత యాప్‌లో ఫారం పెడితే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, ఎన్ని గంటలకు, ఎక్కడ నింపారో నమోదవుతుంది. 40 నిమిషాల ఫారం ఆరు నిమిషాల్లో పూర్తయితే చెట్టు కింద కూర్చుని నింపారన్నమాట. మొదటి రోజు సాయంత్రమే చూడాలి, చివర్లో చూసి లాభం లేదు. పదిశాతం ఇళ్ళకు మీరే మళ్ళీ వెళ్తారని మొదటే చెబితే సగం సమస్య తగ్గుతుంది.

ఫారం 40 నిమిషాలు కూడా ఎక్కువే. 420 ఇళ్ళు, రెండుసార్లు, తలా 40 నిమిషాలు అంటే 560 గంటలు. 70 కూలి దినాలకు సమానమైన సమయం ఊళ్ళ నుంచి తీసుకుంటున్నారు. నివేదికలో వాడని ప్రశ్న ఫారంలో ఉండకూడదు. ఆదాయం ఎంత అని అడగడం దండగ, రేషన్ కార్డు పోతుందేమోనని ఎవరూ నిజం చెప్పరు. ఆధార్ నంబరు ముట్టుకోకండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద ప్రశ్న మాత్రమే కాదు. 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి రాతలో ఉండాలి.

లెక్క కట్టడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. అవే ఇళ్ళను రెండుసార్లు చూస్తే, మారిన ఇళ్ళను మాత్రమే చూడాలి. 100 ఇళ్ళలో 18 "లేదు" నుంచి "ఉంది"కి, 6 "ఉంది" నుంచి "లేదు"కి మారాయనుకోండి. తేడా 12, వర్గం 144, మొత్తం మారినవి 24. 144ను 24తో భాగిస్తే 6. ఈ లెక్కకు హద్దు 3.84, అది దాటింది కాబట్టి మార్పు కాకతాళీయం కాదనవచ్చు. దీన్నే మెక్‌నెమార్ పరీక్ష అంటారు, మీ స్టాటిస్టిక్స్ లెక్చరర్‌కు తెలిసే ఉంటుంది. ఇది మార్పు ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఎవరి వల్లో పోలిక ఊరు చెప్పాలి. ఆ "ఉంది" నుంచి "లేదు"కి జారిన ఆరు ఇళ్ళకూ విడిగా వెళ్ళి మాట్లాడండి. ఎందుకు వదిలేశారో అక్కడే తెలుస్తుంది: క్యాన్ ధర పెరిగిందా, ప్లాంటు చెడిపోయిందా, తెచ్చే మనిషి వలస పోయాడా. నాకు మొత్తం సర్వేలో ఎక్కువ పనికొచ్చేది ఈ ఆరు సంభాషణలే అనిపిస్తుంది.

మీరు అడగకపోయినా, మొక్కలు, ఇంకుడు గుంతలు కూడా చేయించి ఉంటారు. నాటిన రోజు సంఖ్య వదిలేసి ఒక ఎండాకాలం దాటాక జూన్‌లో బతికినవి లెక్కపెట్టండి. ఇంకుడు గుంతలో ఒక బకెట్ నీళ్ళు పోసి చూస్తే తెలిసిపోతుంది, పూడిపోయిందా లేదా.

విద్యార్థులకు ఏం ఒరిగిందనేది నివేదికలో సగం. అమెరికాలో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటి కార్యక్రమాలను విద్యార్థి, అధ్యాపకుడు, ఊరు, సంస్థ అని నాలుగు వైపుల నుంచి చూసే పద్ధతి తయారుచేశారు. మనకు నాలుగూ కుదరకపోయినా మొదటిదీ మూడోదీ వదలకూడదు. "సేవాభావం పెరిగిందా? 1 నుంచి 5 మార్కులు వేయండి" అనే ఫారం వద్దు. మార్కులు వేసే మేడమే ఫారం ఇస్తే అందరూ 5 పెడతారు. కార్యక్రమానికి ముందు, తర్వాత ఒకే పని ఇవ్వండి: 20 ఇళ్ళ సమాచారం ఉన్న పట్టిక చేతికిచ్చి, ఈ ఊరి సమస్య ఏమిటో, ఇంకా ఏం తెలుసుకోవాలో ఒక పేజీ రాయమనండి. పేర్లు, తేదీలు దాచేసి, ఇద్దరు అధ్యాపకులు విడివిడిగా మార్కులు వేయాలి. చూడాల్సినవి నాలుగు: అంకెను సరిగ్గా చదివాడా, కారణానికీ యాదృచ్ఛికానికీ తేడా తెలిసిందా, ఊరివాళ్ళను తప్పుపట్టకుండా రాశాడా, తనకు తెలియనిదాన్ని ఒప్పుకున్నాడా. రెండోసారి రాసిన పేజీల్లో "ప్రజలకు అవగాహన లేదు" అనే వాక్యం తగ్గితే, మీ కార్యక్రమం పిల్లలకు ఏదో నేర్పినట్టే.

ఊరి మాట వినడానికి సర్పంచ్ దగ్గరికి మాత్రమే వెళ్తే అంతా బాగుందనే వస్తుంది. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, హెడ్‌మాస్టరు, పొదుపు సంఘం లీడరు, కాలనీ నుంచి ఒకరు. వీళ్ళతో మీరు కాకుండా వేరే కాలేజీ అధ్యాపకులెవరైనా మాట్లాడాలి. అడగాల్సినవి: మేం రావడం వల్ల మీకు పెరిగిన పని ఏమిటి? మేం ఎవరి ఇంటికి వెళ్ళలేదు? రేపటి నుంచి మేం రాకపోతే ఏది ఆగిపోతుంది? గత ఏడాదిలో మీ అంతట మీరు కాలేజీకి ఫోన్ చేసి ఏదైనా అడిగారా? చివరి ప్రశ్నకు జవాబు సున్నా అయితే భాగస్వామ్యం కాగితం మీదే ఉన్నట్టు.

నివేదిక 15 పేజీలు దాటక్కర్లేదు. న్యాక్‌కి వెళ్ళేది ఇంగ్లీషులో ఉన్నా, ఒక పేజీ తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపించండి. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. సోషల్ ఆడిట్‌లో లెక్క చదవడం, జనం లేచి "అది తప్పు" అనడం ఈ ఊళ్ళకు బాగా అలవాటు. మీ అంకెల్లో తప్పుంటే ఏ సమీక్షకుడి కంటే ముందు అక్కడే బయటపడుతుంది. వచ్చిన అభ్యంతరాలను అలాగే చివర్లో చేర్చండి.

ఇప్పుడు మీకు ఉన్న సమయంలో: ఈ నెల బీరువా రిపోర్టులు, రికార్డులు, కాలరేఖ. పోలిక ఊళ్ళు కూడా ఈ నెలలోనే ఖరారు చేయండి. జనం ఉగాదికి ఊళ్ళకు వస్తారు, వలస కుటుంబాలు కూడా దొరికేది అప్పుడే. ఇళ్ళ సర్వే ఆ వారంలో పెట్టి, పండుగ రోజునూ మర్నాడునూ తిండి ప్రశ్నలు వదిలేయండి. పిల్లల పరీక్ష మాత్రం జూలైలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి. న్యాక్ నివేదికలో ఈ ఏడాది వరకు రికార్డుల మీద తేలినదాన్ని ఫలితంగా, సర్వేను వచ్చే ఏడాదికి మొదటి కొలతగా రాయండి. సమీక్షకులు దీన్ని తప్పుపట్టరు, లేని మార్పును చూపిస్తేనే పడతారు.

ఇంకొకటి, ప్రోగ్రామ్ ఆఫీసర్ మారగానే ఇదంతా పోతుంది. ఫారం, ఇళ్ళ జాబితా, ఏ జవాబుకు ఏ అంకె వేశారో చెప్పే పట్టిక, పోలిక ఊళ్ళ పేర్లు, వాటిని ఎందుకు ఎంచుకున్నారో అర పేజీ, ఇవి ఒక ఫైలులో పెట్టి ఒక కాపీ లైబ్రరీలో, ఒక కాపీ ప్రిన్సిపాల్ ఆఫీసులో ఉంచండి. ఇళ్ళ పేర్లున్న జాబితా మాత్రం విడిగా, తాళంలో.